పన్నెండు సరుకుల చీటీ

శ్రోతలకు నమస్కారం.

రెండు నెలల క్రితం మా పై వాటాలోకి కొత్తగా పెళ్లయిన జంట అద్దెకు వచ్చారు. పాలు పొంగించిన మర్నాడే ఆ అమ్మాయి కిందికి దిగి వచ్చి, "ఆంటీ, నెల సరుకులకి ఇక్కడ ఏ సూపర్ మార్కెట్ బాగుంటుంది?" అని అడిగింది. మేము ఉండేది హైదరాబాద్ కూకట్‌పల్లిలో. ముప్పై ఏళ్లుగా ఇక్కడే కాపురం. బయటికి వెళ్తే డీమార్ట్, రత్నదీప్, విజేత, రిలయన్స్, ఇలా ఎన్నో బోర్డులు కనిపిస్తాయి. అయినా ఒక పేరు వెంటనే నోటికి రాలేదు. "మీ ఇంట్లో నెలకి ఏమేం ఖర్చవుతాయమ్మా?" అని నేనే తిరిగి అడిగాను.

ఆ అమ్మాయి కాస్త ఆలోచించి, "ఇంకా తెలియదాంటీ, ఇప్పుడే కదా మొదలుపెట్టాం" అంది. "అయితే ఒక నెల ఆగి చెప్తాను" అన్నాను. ఎందుకు ఆగమన్నానో ఈ పూట మీకు చెప్పాలని ఉంది.

నేను కొత్త కాపురం పెట్టినప్పుడు ఎంచుకోవడానికి ఏమీ లేదు. వీధి చివర ఒక కిరాణా కొట్టు. చీటీ రాసి ఇస్తే కొట్టు కుర్రాడు సరుకులు కాగితం పొట్లాల్లో కట్టి, సైకిల్ మీద తెచ్చి గుమ్మంలో దింపేవాడు. లెక్క ఖాతా పుస్తకంలో. తర్వాత హైదరాబాద్‌లో త్రినేత్ర దుకాణాలు వచ్చాయి. మన చేత్తో మనమే అరలోంచి వస్తువు తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, వద్దనుకుంటే మళ్లీ అక్కడే పెట్టొచ్చు. ఆ రోజుల్లో అది ఎంత కొత్తగా ఉండేదో చెప్పలేను. ధర అడగడానికి మొహమాటపడే వాళ్లకి అదొక పెద్ద వెసులుబాటు. 2006లో రిలయన్స్ తన తాజా కూరగాయల దుకాణాలను దేశం మొత్తం మీద ముందుగా హైదరాబాద్‌లోనే తెరిచింది. మరుసటి ఏడాది త్రినేత్రను బిర్లా వాళ్లు కొన్నారు. ఆ తర్వాత అక్కడ 'మోర్' అనే బోర్డులు వెలిశాయి.

మనం తీసుకుని మనమే బిల్లు కౌంటర్‌కి తెచ్చే ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో. 1916లో మెంఫిస్ ఊళ్లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి మొదలుపెట్టాడు. అంతకుముందు అక్కడా మన కిరాణా కొట్టు లాగే బల్ల వెనక నిలబడిన మనిషే అన్నీ తీసి ఇచ్చేవాడు. మనం తోసుకుంటూ వెళ్లే చక్రాల బండి 1937లో ఓక్లహోమా సిటీలో వచ్చింది. చేతిలో బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించిన ఒక దుకాణదారుడి ఆలోచన అది. ఈ సంగతి తెలిసిన దగ్గర నుంచి నేను నాలుగైదు వస్తువుల కోసం వెళ్లినప్పుడు బండి ముట్టుకోను, చేతి బుట్టే తీసుకుంటాను. మీరూ ఒకసారి అలా చేసి బిల్లు చూసుకోండి.

ఇక అసలు విషయం. దుకాణం మంచిదా కాదా అన్నది బయట కట్టిన ఆఫర్ల బ్యానర్ చూసి తెలియదు. మన ఇంట్లో నెల నెలా తప్పకుండా అయిపోయే సరుకులు ఓ పన్నెండు ఉంటాయి. మా ఇంట్లో అయితే బియ్యం, కందిపప్పు, మినపగుళ్లు, వేరుశనగ నూనె, సన్‌ఫ్లవర్ నూనె, గోధుమపిండి, ఇడ్లీ రవ్వ, పంచదార, కాఫీ పొడి, నెయ్యి, బట్టల సబ్బు పొడి, ఒంటి సబ్బులు. మా నెల బిల్లులో పెద్ద భాగం వీటిదే. ఈ పన్నెండు ఏ కొట్లో ఎంత ఉన్నాయో ఒక్క నెల రాసుకుంటే చాలు. నేను ఒక పాత నోటు పుస్తకంలో గళ్లు గీసుకున్నాను. బిల్లు కాగితం మీద అచ్చు కొన్నాళ్లకి వెలిసిపోతుంది కాబట్టి ఇంటికి రాగానే ధరలు పుస్తకంలోకి ఎక్కిస్తాను.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ప్యాకెట్ ధర కాదు, కిలోకో లీటరుకో ఎంత పడిందో రాయాలి. ఎందుకంటే ప్యాకెట్లు అన్నీ ఒకే కొలత కావు. నూనె ప్యాకెట్లే చూడండి. పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఎత్తు. ఒకదాని మీద లీటరు అని ఉంటుంది, ఇంకోదాని మీద 850 మిల్లీలీటర్లని ఉంటుంది. లీటరు ప్యాకెట్ 150 రూపాయలు, చిన్న ప్యాకెట్ 136 రూపాయలు అనుకుందాం. పద్నాలుగు రూపాయలు కలిసొచ్చాయని చిన్నది తీసుకుంటాం. లెక్క వేస్తే చిన్న ప్యాకెట్‌లో నూనె లీటరుకి 160 పడింది. లీటరుకి పది రూపాయలు ఎక్కువే ఇచ్చామన్నమాట. ఒకప్పుడు ఇలాంటి కొన్ని సరుకులను ఫలానా కొలతల్లోనే అమ్మాలని నిబంధన ఉండేది. 2021లో తూనికలు కొలతల నియమాలను సవరించి దాన్ని తీసేశారు. దానికి బదులుగా గ్రాముకో కిలోకో, మిల్లీలీటరుకో లీటరుకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వేయాలన్నారు. ఎమ్మార్పీ దగ్గర్లో చిన్న అక్షరాలతో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకునైనా అదే చదవండి. రెండు ప్యాకెట్లను పోల్చడానికి అంతకు మించిన అంకె లేదు.

బియ్యం సంగతి వేరు. మా చిన్నప్పుడు బస్తా అంటే పెద్ద బస్తా. తర్వాత 25 కిలోలకు వచ్చింది. ఇప్పుడు చాలా చోట్ల 26 కిలోల బస్తా కనిపిస్తుంది. ఈ ఒక్క కిలో ఎందుకు ఎక్కువ వేస్తున్నారా అని నేనూ ఆశ్చర్యపోయాను. 2022 జూలై 18 నుంచి, లేబుల్ వేసి అమ్మే 25 కిలోలు, అంతకు తక్కువ బస్తాల మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు. 26 కిలోలైతే ఆ పన్ను పడదు. అందుకని సూపర్ మార్కెట్‌లో పది కిలోల సంచీ, బియ్యం కొట్లో 26 కిలోల బస్తా కిలో లెక్కన పోల్చి చూసుకోవాలి. మా ఇంటికి బియ్యం మాత్రం కొట్టు నుంచే వస్తుంది. పన్ను కోసమే కాదు, ఆయన గుప్పెడు బియ్యం చేతిలో పోసి చూపిస్తాడు, ఎన్నాళ్లు మాగాయో చెప్తాడు. అన్నం ముద్దయితే మిగిలిన బస్తా వెనక్కి తీసుకుంటాడు. ఆ మాట నాకు పెద్ద దుకాణాల్లో దొరకలేదు.

ధర ఒక్కటే చూస్తే కందిపప్పు దగ్గర మోసపోతాం. ఒకసారి కిలోకి పదిహేను రూపాయలు తక్కువని తెచ్చిన పప్పు ఆరు విజిల్స్ వచ్చినా మెదగలేదు. పప్పు పాతబడితే అంతే, గింజ గట్టిపడి ఉడకడానికి మొండికేస్తుంది. గ్యాస్ ఖర్చు, పొద్దున్నే పిల్లల క్యారేజీ టెన్షన్, అవి కలుపుకుంటే ఆ పదిహేను రూపాయలు ఎటు పోయాయో! అందుకే కొత్త కొట్లో కందిపప్పు ముందు అరకిలోనే కొంటాను. వండి చూశాకే నెల సరుకు.

దుకాణంలో సరుకు ఎంత త్వరగా కదులుతుందో తెలుసుకోవడానికి నేను చూసేవి రెండే. గోధుమపిండి, ఇడ్లీ రవ్వ. వాటి మీద ప్యాక్ చేసిన తేదీ చూస్తాను. పోయిన వారమో, అంతకు ముందు వారమో అయితే ఆ కొట్లో జనం బాగా కొంటున్నారన్నమాట. మూడు నెలల పాతదైతే మిగతా అరల మీద కూడా నాకు అనుమానమే. పాత సరుకు ముందు పోవాలని కొత్త ప్యాకెట్లు వెనక వరసలో పెడతారు. వెనక నుంచి తీసుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్న చోట కూడా ముందు తేదీయే చూడాలి.

కొన్ని దుకాణాల్లో రోజూ ధర తక్కువ ఎలా ఉంటుందని ఆ అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. డీమార్ట్‌నే తీసుకోండి. 2002లో ముంబై పొవైలో రాధాకిషన్ దమానీ మొదలుపెట్టారు. చాలావరకు సొంత భవనాల్లోనే నడుపుతారు, కాబట్టి అద్దెల భారం తక్కువ. సరుకు ఇచ్చిన కంపెనీలకు డబ్బు త్వరగా కట్టేస్తారు, కాబట్టి కొనుగోలు ధర తగ్గుతుంది. బాగా అమ్ముడుపోయే రకాలే ఎక్కువ పెడతారు. మనకి కావలసిన బ్రాండ్ ఆ రకాల్లో ఉంటే లాభమే. లేకపోతే దానికోసం మళ్లీ ఇంకో కొట్టుకి నడవాలి. నెల మొదటి వారంలో బిల్లు దగ్గర నిలబడే అరగంట కూడా లెక్కలోదే. నేను మంగళవారమో బుధవారమో పొద్దున తలుపులు తీయగానే వెళ్తాను.

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ఒంటి సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తర్వాతి నెలలో నా పుస్తకం భలే ఉపయోగపడింది. ఒక దుకాణంలో నెయ్యి డబ్బా కింద కొత్త ధర చీటీ ఉంది. ఇంటికొచ్చి ధరలు ఎక్కిస్తుంటే బిల్లులో పాత ధరే పడిందని తెలిసింది. మర్నాడు బిల్లు పట్టుకుని వెళ్లాను. కౌంటర్‌లో అబ్బాయి "కంప్యూటర్‌లో ఎంతుంటే అంతేనమ్మా" అన్నాడు. నాకు బాధేసింది. డబ్బు గురించి కాదు. చీటీ మీద ఒక మాట, బిల్లులో ఒక మాట ఉంటే చదువు రాని వాళ్ల సంగతేమిటి? మేనేజర్‌ని పిలవమన్నాను. ఆయన వచ్చి, చీటీ చూసి, తేడా వెనక్కి ఇచ్చి, నా ముందే కంప్యూటర్‌లో ధర మార్పించాడు. ఆయన ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చేద్దామనుకున్నాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. రాసి పెట్టుకోండి, 1915. క్యారీ బ్యాగు సంగతి కూడా అంతే. సంచీకి డబ్బు తీసుకునేటట్టయితే ముందే తెలియజేయాలి కానీ తీరా బిల్లు దగ్గర చెప్పకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో చెప్పింది. మా వారు మాత్రం గుడ్డ సంచీలు మడిచి స్కూటర్ డిక్కీలో ఎప్పుడూ ఉంచుతారు.

కూరగాయలు నేను సూపర్ మార్కెట్‌లో కొనను. ఏసీ గదిలో ప్లాస్టిక్ చుట్టిన దొండకాయలు నాకు నచ్చవు. 1999 జనవరిలో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచి నాకు కూకట్‌పల్లి రైతుబజారే. లోపల బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. ముందు బోర్డు చదివి, తర్వాత బేరం. వానాకాలం అక్కడ కాళ్లకి బురద అంటుతుంది, నిజమే. పాలు, పెరుగు, కొత్తిమీర, ఉన్నట్టుండి చుట్టాలొస్తే కావలసిన శనగపిండి, వీటికి వీధి చివర కిరాణా కొట్టే. రెండు రూపాయలు ఎక్కువే ఇస్తాను, ఇష్టంగా ఇస్తాను. లాక్‌డౌన్ రోజుల్లో మేము గడప దాటలేకపోతే, ఫోన్ చేయగానే మందుల దగ్గర నుంచి గుడ్ల దాకా తెచ్చి గేటుకి తగిలించి వెళ్లింది ఆ కొట్టు అబ్బాయే. నోటు పుస్తకంలో దానికి గడి లేదు కానీ నా మనసులో ఉంది.

మొన్న ఆదివారం పై వాటా అమ్మాయి తన చీటీతో కిందికి వచ్చింది. నేననుకున్నట్టే మా ఇంటి చీటీ వేరు, వాళ్లది వేరు. వాళ్లిద్దరూ ఉద్యోగస్తులు. నెలకి పది కిలోల బియ్యం కూడా ఖర్చవదు. ఓట్స్, పాల ప్యాకెట్లు, గుడ్లు, పళ్లు ఎక్కువ. మేము నెలకోసారి ఆటోలో వెళ్లి తెచ్చుకునే పెద్ద దుకాణం వాళ్లకి పనికిరాదు. రానూపోనూ ఆటోకి ఇచ్చేది, అక్కడ మిగిలేది ఇంచుమించు సమానమైపోతాయి. ఆఫీసు నుంచి వచ్చే దారిలో మెట్రో స్టేషన్ దగ్గరున్న మధ్యరకం దుకాణంలో వారానికోసారి కొంటే సరిపోతుందని ఇద్దరం కలిసి లెక్క వేశాం. సబ్బులు, సబ్బు పొడి, నూనె మాత్రం మాతో పాటు పెద్ద దుకాణంలో మూడు నెలలకి ఒకసారి.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి మేమిద్దరం కలిసి వెళ్తున్నాం. ఆ అమ్మాయి సెలవు పెట్టుకుంది. కొత్త నోటు పుస్తకం కొనుక్కుని, మొదటి పేజీలో పన్నెండు గళ్లు తనే గీసుకుంది. కాఫీ పొడి గడిలో మాత్రం టీ పొడి అని రాసింది. వాళ్లాయనది ఏలూరు, టీ లేనిదే పొద్దు పోదట.

నమస్కారం.