అతిథి పేరు రాసుకున్నారా?

శ్రోతలకు నమస్కారం.

భూదాన్ పోచంపల్లిలో మా చిన్నమ్మ వాళ్ళ ఇల్లుంది. ముందు గదిలో మగ్గం. కొడుకు ఉద్యోగానికి వెళ్ళాక వెనక గది ఖాళీ అయింది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరది. నేత చూడడానికి వచ్చి, ఒకటి రెండు రాత్రులు ఉంటామనేవాళ్ళకు చిన్నమ్మ ఆ గది అద్దెకిచ్చేది. పేరూ ఊరూ మాత్రం అడిగేది కాదు. "అన్నం పెట్టే చేత్తో కార్డు అడగమంటావా?" అనేది నాతో.

ఒక రాత్రి అలా దిగిన పెద్దాయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. చిన్నమ్మ 108కు ఫోను చేసింది. అంబులెన్సులో వచ్చినవాళ్ళు అడిగారు: పేరేమిటి, వయసెంత, ఇంటివాళ్ళ నంబరేది? ఆమెకు తెలిసింది ఒక్కటే, ఆయన పెరుగన్నంలో ఉప్పు వేసుకోరని. ఆయన ఫోను తెరవడానికి వీల్లేదు. ఆస్పత్రి బల్ల మీద తెల్లవార్లూ కూర్చుంది, "ఈయనకేమైనా అయితే ఎవరికి చెప్పను?" అనుకుంటూ. పొద్దున ఆయనే తేరుకుని కూతురి నంబరు చెప్పారు.

మర్నాడే చిన్నమ్మ మగ్గానికి నూలు ఆసు పోసిన లెక్కలు రాసుకునే పుస్తకం తీసి, వెనక పేజీల్లో గీతలు గీసింది. పేరు, ఊరు, వచ్చిన రోజు, వెళ్ళే రోజు, ఇంటివాళ్ళ ఫోను.

ఇంట్లో గది అద్దెకిచ్చేవాళ్ళకు నిబంధనలు కూడా ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు కావాలంటే యజమాని ఆ ఇంట్లోనే కాపురముండాలి, అద్దె గదులు ఆరు దాటకూడదు. గది ఇచ్చే ముందు మీ మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో, పోలీసు స్టేషనులోనో ఒకసారి కనుక్కోండి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారికి తెలియజేయాలి. ఇది తప్పనిసరి, ఒక్క రాత్రి ఉన్నా సరే.

యాదగిరిగుట్టలో, నాగార్జునసాగర్‌లో, సోమశిలలో గదులిచ్చే అక్కలకూ అన్నలకూ ఈ పూట నేను చెప్పేది ఒక్కటే. పేరు రాసుకోండి. చుట్టం లాంటి మనిషైనా రాసుకోండి. ఆధార్ ఇస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే నకలు చాలు, మొత్తం నంబరు మన దగ్గర ఉండనక్కర్లేదు. అడగడం అవమానం కాదు. ఆ మనిషి బాధ్యత మనం తీసుకుంటున్నామని చెప్పడం.

ఇప్పుడు చిన్నమ్మ మంచినీళ్ళ గ్లాసుతో పాటే పుస్తకం, పెన్ను తెచ్చి ఇస్తుంది. రాశాకే గది తాళం.