ఒక్కరే బ్రేకుల్లోని గాలి తీయగలరా? చేతి వాక్యూమ్ పంపు రివ్యూ

నమస్కారం. ఈ రోజు నా బల్ల మీద ఉన్నది చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు కిట్టు. పిస్తోలు పిడిలా ఉన్న పంపు, దానికి చిన్న మీటరు, పాత ఆయిలు చేరడానికి ఒక ప్లాస్టిక్ డబ్బా, రెండు పారదర్శకమైన గొట్టాలు, కొన్ని రబ్బరు మూతులు పెట్టెలో వచ్చాయి. పెడల్ నొక్కడానికి రెండో మనిషి అక్కర్లేదని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి, వెనుక చక్రాల దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్లు మార్చిన తరువాత పెడల్ మెత్తబడిన నా పాత స్విఫ్ట్ మీద దీన్ని వాడి చూశాను.

పెడల్ ఎందుకు మెత్తబడుతుందో ముందు చెబుతాను. బ్రేక్ ఆయిలు నొక్కితే దాదాపుగా కుదించుకుపోదు కాబట్టి పాదం వేసిన బలం నేరుగా చక్రం దాకా వెళుతుంది. గాలి అలా కాదు, నొక్కితే కుదించుకుపోతుంది. లైనులో గాలి బుడగ ఉంటే పెడల్ ప్రయాణంలో కొంత భాగం ఆ బుడగను నొక్కడానికే ఖర్చయిపోతుంది, మెకానిక్కులు ‘ఎయిర్ పట్టింది’ అనేది దీన్నే. ఆయిలు పాతదైనా ఇలాంటి ఇబ్బందే వస్తుంది, ఎందుకంటే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ చేరిన తరువాత ఆ కనీస హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. తిరుమల ఘాట్ నుంచి బ్రేకు మీద కాలు తీయకుండా దిగేవారు ఈ అంకెలను గుర్తుంచుకోవాలి, మరిగిన ఆయిలులో పుట్టే ఆవిరి కూడా గాలిలాగే కుదించుకుపోతుంది. సీసా మూత తీసి నెలల తరబడి ఉంచిన ఆయిలు పోయవద్దు, సిలికాన్‌తో చేసే డాట్ 5ను వీటితో ఎప్పుడూ కలపవద్దు.

ఇక పని. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలిపాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి చెయ్యి పెట్టవద్దు. మన కార్లలో, పెడల్ నొక్కితే ఆయిలును లైన్లలోకి తోసే మాస్టర్ సిలిండర్ కుడివైపు, డ్రైవరు ముందు ఉంటుంది కనుక అన్నిటికన్నా దూరమైన వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టాను. కొన్ని కార్లకు ఈ వరుస వేరుగా ఉంటుంది, మీ కారు మాన్యువల్‌లో ఉన్నదే పాటించండి. చక్రం వెనుక గాలిని బయటికి వదలడానికి ఉండే చిన్న మర, అంటే నిపుల్ మీద రింగ్ స్పానర్ వేసి, గొట్టం తొడిగి, మీటరు ముల్లు 20 అంగుళాల పాదరసం గీత దాటేదాకా పంపు నొక్కి, నిపుల్‌ను పావు వంతు తిప్పాను. టీ డికాక్షన్ రంగులో ఆయిలు వచ్చింది, దాని వెంట బుడగలు వచ్చాయి. అవి వస్తూనే ఉన్నాయి. అర లీటరు సీసా సగానికి పైగా ఖర్చయినా, గొట్టంలో ఆవగింజల్లాంటి బుడగలు ఆగలేదు, పెడల్ గట్టిపడలేదు.

కారణం తెలుసుకోవడానికి నాకు ఒక గంట పట్టింది. పంపు లాగే బలానికి, వదులు చేసిన నిపుల్ మర చుట్టూ ఉన్న సందుల్లోంచి బయటి గాలి కూడా గొట్టంలోకి వస్తోంది. మర మొదట్లో బయటి వైపు కొంచెం గ్రీజు పూయగానే బుడగలు అమాంతం పలచబడ్డాయి. అంటే ఈ కిట్టులో కనిపించే బుడగల్లో కొన్ని బ్రేకు లైనులోవి కావు, నిపుల్ దగ్గర పుట్టినవి. లోపలి గాలి ఎప్పుడు అయిపోయిందో చెప్పాల్సిన గొట్టమే మనల్ని తికమక పెడుతోంది. ఈ పరికరంపై నా అసలు ఫిర్యాదు ఇదే, దీన్ని గురించి వాడుక కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు.

మరుసటి ఆదివారం మా బావమరిదిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి పాత పద్ధతికి వెళ్లాను. గొట్టం రెండో కొసను, అడుగున కాస్త ఆయిలు పోసిన గాజు సీసాలో ముంచాను, కాబట్టి గాలి వెనక్కి లాగబడదు. ఇంజిన్ ఆపి ఉంది. ‘నొక్కు’ అనగానే అతను నెమ్మదిగా నొక్కి, ‘నొక్కాను బావా’ అనేవాడు. నేను నిపుల్ వదులు చేసి, ఆయిలు దూకగానే బిగించి, ‘వదిలెయ్’ అనేవాణ్ని. బిగించకముందే అతను కాలు తీస్తే నిపుల్ మర సందుల్లోంచి గాలి తిరిగి లోపలికి పోతుంది, అందుకే ఆ మాటల వరుస తప్పకూడదు. మూడోసారికి పెసరగింజంత బుడగ ఒకటి, దాని వెనుక తెల్లటి నురగ వచ్చాయి. ఎనిమిదోసారికి గొట్టంలో చుక్క గాలి లేదు. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టాను, ఎందుకంటే పాత మాస్టర్ సిలిండర్‌లో పెడల్ ఎప్పుడూ వెళ్లని లోతుకు వెళితే, అక్కడి తుప్పు మీద రబ్బరు సీళ్లు గీసుకుపోయే ప్రమాదం ఉంది. ఇంత చేసి, మాస్టర్ సిలిండర్ పైన ఆయిలు పోసే డబ్బాలో మట్టం కనీస గీత కిందికి పోనిస్తే, గాలి దూరి పని మళ్లీ మొదటికి వస్తుంది. ప్రతి నాలుగైదు నొక్కులకోసారి మూత తీసి చూసుకోండి. ఆయిలు పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేదంటే పెయింటు లేచిపోతుంది. నిపుల్ చిన్నది, దాని మధ్యలో రంధ్రం ఉంటుంది. బలంగా బిగిస్తే విరుగుతుంది.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. ఆ యూనిట్ లోపలికి గాలి చేరితే, దాని పంపును కారు కంప్యూటరుకు తగిలించే స్కానర్‌తో నడిపించాల్సి రావచ్చు. ఇంట్లో నాలుగు చక్రాల దగ్గరా గాలి తీసినా పెడల్ గట్టిపడకపోతే వర్క్‌షాపుకు తీసుకువెళ్లండి. పని పూర్తయ్యాక ఇంజిన్ నడుపుతూ పెడల్‌ను అర నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. పెడల్ నెమ్మదిగా కిందికి జారుతూ పోతుంటే ఎక్కడో కారుతోందని, లేదా మాస్టర్ సిలిండర్ సీలు పోయిందని అనుమానించాలి, ఆ కారును రోడ్డెక్కించవద్దు.

అయితే ఈ పంపు పనికిరానిదని నేను అనను. పై డబ్బాలోని నల్లబడిన ఆయిలును రెండు నిమిషాల్లో ఖాళీ చేసింది, ఖాళీ లైనులోకి కొత్త ఆయిలును త్వరగా లాగింది. ఒక్కరే ఆయిలు మార్చుకోవడానికి కొనవచ్చు. గాలి పోయిందో లేదో తేల్చడానికి మాత్రం నేను మళ్లీ బావమరిదినే పిలుస్తాను.