నమ్మకానికి క్విజ్ పెడితే దొంగే పాసవుతాడు

దేవుడి మీద నమ్మకానికి క్విజ్ పెడితే దొంగ పాసవుతాడు, నిజమైన భక్తుడు ఫెయిలవుతాడు. ఈ మాట చెప్పడానికే ఈ వీడియో.

2024 జనవరి 31న లండన్ క్లాపమ్‌లో జరిగిన రసాయన దాడి మీకు తెలిసిందే. ఒక తల్లి, ఆమె ఇద్దరు ఆడపిల్లలు గాయపడ్డారు. సొంత దేశంలో ప్రాణభయం ఉందన్న వాళ్లని బ్రిటన్ తన దగ్గర ఉండనివ్వడమే ఆశ్రయం. ఆ అనుమానితుడికి అది ముందు దొరకలేదు. క్రైస్తవుడినయ్యాను, వెనక్కి పంపితే ప్రమాదం అని చెప్పి అప్పీల్‌లో గెలిచాడు. ఇక అప్పటినుంచి ఒకటే గోల: మతం మారామనే వాళ్లంతా మోసగాళ్లు, అప్పీళ్లు ఆపేయండి అని. మోసగాళ్లు లేరని నేను అనట్లేదు. వాళ్లని పట్టుకోవడానికి పెట్టిన పరీక్షే వాళ్లకి కలిసొస్తోంది అంటున్నాను!

చూడండి. బ్రిటన్‌లో ఆశ్రయం అడిగిన క్రైస్తవులని ఇంటర్వ్యూలో పది ఆజ్ఞలు చెప్పమన్న సందర్భాలున్నాయి. దొంగకి అదెంత పని? రాత్రంతా బట్టీ పట్టి పొద్దున్నే అప్పజెప్తాడు. మరి మతం మారితే శిక్ష పడే ఇరాన్‌లో ఎవరింట్లోనో తలుపులేసుకుని, గొంతు తగ్గించి ప్రార్థన చేసుకున్న మనిషి? వాడికి సిలబస్ ఎవరిచ్చారు?

మా అమ్మమ్మ తెల్లారకముందే లేచి తులసికోట కడిగి, ముగ్గేసి, తడి చీరతోనే దీపం పెట్టేది. జ్వరం వచ్చినా ఆపలేదు. దశావతారాలు వరుసగా చెప్పమంటే వామనుడి దగ్గరే ఆగిపోయేది. ఆవిడకి భక్తి లేదని ఏ ఆఫీసరైనా లెటర్ రాస్తే నేను ఊరుకుంటానా?

ఆశ్రయం ఇవ్వం అంటూ బ్రిటన్ ఆఫీసర్లు అలాంటి లెటర్లు నిజంగానే రాశారు. పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒకాయన మతాన్ని వదిలేశాను, నేను హ్యూమనిస్ట్‌ని (దేవుడు లేకుండానే మంచిగా బతకొచ్చని నమ్మేవాణ్ణి), వెనక్కి వెళ్తే చంపేస్తారు అన్నాడు. పాతకాలం గ్రీకు తత్వవేత్తలు ప్లేటో, అరిస్టాటిల్ పేర్లు చెప్పలేదని కాదనేశారు. ప్రాణానికీ ప్లేటోకీ ఏం సంబంధం? 2019లో ఆయనకి ఆశ్రయం దొరికింది, కానీ అప్పటిదాకా ఆ టెన్షన్ ఎవరు మోశారు? అదే ఏడాది ఇంకో లెటర్ బయటికొచ్చింది. ఒక ఇరానియన్, క్రైస్తవం శాంతి మతమని మారానన్నాడు. ఆఫీసర్ బైబిల్ తెరిచి, హింస ఉన్న వాక్యాలు ఏరి, నీ మాట పొసగట్లేదని రాశాడు. అంటే ఈసారి పరీక్ష ఆ మనిషికి కూడా కాదు, బైబిల్‌కే! ఇది మా పద్ధతి కాదని, ఆశ్రయం కేసులు చూసే బ్రిటన్ శాఖ హోం ఆఫీస్ కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది.

నా లెక్క ఇది: క్విజ్‌కి మార్కులు వెయ్యడం తేలిక, మనిషిని చదవడం కష్టం. అందుకే ఆఫీసులో ఓడిన వాళ్లు కోర్టులో గెలుస్తున్నారు. కోర్టు చూసేది వేరు. 2018లో స్కాట్లండ్ పెద్ద సివిల్ కోర్టు, కోర్ట్ ఆఫ్ సెషన్, క్రైస్తవులమయ్యామన్న ఇరానియన్ల కేసులో ఏం చెప్పింది? ఆ మనిషి ఇంకో విషయంలో అబద్ధమాడాడని తేలినా సరే, వారం వారం అతన్ని కళ్లారా చూసిన చర్చివాళ్ల సాక్ష్యాన్ని పక్కన పడేయకూడదు అంది. అదీ పరీక్ష! ఒక్క రాత్రిలో బట్టీ పట్టేది కాదు.

అన్నిటికన్నా నాకు మండేది ఆశ్రయం అడిగినవాళ్లకి చెప్పే ఇంకో మాట: "వెనక్కి వెళ్లి గుట్టుగా ప్రార్థన చేసుకో." అహ్మదీలు తమని ముస్లింలే అనుకుంటారు, పాకిస్తాన్ చట్టం ఒప్పుకోదు. అక్కడ అహ్మదీ ముస్లింనని చెప్పుకుంటే మూడేళ్ల దాకా జైలు, 1984 నుంచి అదే చట్టం. జర్మనీలో ఇద్దరు అహ్మదీల కేసు లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ కోర్టు దాకా వెళ్లింది. 2012 సెప్టెంబర్‌లో కోర్టు తేల్చి చెప్పింది: ప్రమాదం తప్పించుకోవడానికి నీ మతాచారం మానుకో అని శరణార్థిని అడగకూడదు. దీపం పెట్టుకో కానీ తలుపు మూసుకో అని మా అమ్మమ్మకి చెప్పి చూడండి!

ఇవాళ రాత్రి మీ అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చెయ్యండి. దశావతారాలైనా, పది ఆజ్ఞలైనా, మీ ఇంట్లో ఏవైతే అవి, వరుసగా చెప్పమనండి. ఎక్కడ ఆగారో కింద కామెంట్‌లో రాయండి.