రూపాయి బిళ్లంత పగులు

శ్రోతలకు నమస్కారం.

కారు అద్దం మార్చే మనిషిని హైదరాబాదులో గ్లాస్‌వాలా అంటాం. పుత్లీబౌలీకి వెళ్లినా, రాణీగంజ్‌కు వెళ్లినా, ఆటోనగర్‌కు వెళ్లినా ఆ ఒక్క మాటతో పని జరిగిపోతుంది. కానీ అద్దాన్ని మార్చకుండా, ఉన్నచోటనే ఉంచి, రాయి తగిలి ఏర్పడిన చిన్న పగులును మాత్రం పూడ్చి ఇచ్చే మనిషికి మన ఊళ్లో ఇంకా పేరు లేదు. పేరు లేని ఈ పనిని నమ్ముకుని, ఏ కంపెనీ నీడా లేకుండా, స్కూటరు మీద ఒక పెట్టె పెట్టుకుని ఇంటింటికీ తిరిగి బతుకుతున్న వారికి ముందు ముందు గిరాకీ ఎలా ఉండబోతుందన్నది ఈ పూట నా ప్రసంగ విషయం. మోటారు బీమా సర్వేయరుగా చాలా ఏళ్లు దెబ్బతిన్న వాహనాలను చూసి నష్టం లెక్కలు రాసినవాడిని కనుక ఈ విషయంలో నాకు కొంత అనుభవం ఉంది. ఈ పని చేసేవారి మీద కొంత అభిమానమూ ఉంది.

ముందు ఒక సంఘటన చెబుతాను. రెండేళ్ల క్రితం మార్చి నెలలో శంషాబాదు నుంచి గచ్చిబౌలి వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద వస్తున్నాను. ముందు ఒక కంకర టిప్పరు పోతోంది, దాని మీద పట్టా సగమే కప్పి ఉంది. టప్పుమని ఒకే ఒక్క చప్పుడు వినిపించింది. చూస్తే ఎడమవైపు సీటుకు ఎదురుగా, అద్దం మీద, రూపాయి బిళ్లంత పగులు కనిపించింది. మధ్యలో చిన్న గుంట, దాని చుట్టూ నక్షత్రంలా అయిదు సన్నని గీతలు. ఇంటికి చేరి, పక్క ఫ్లాటులోని కుర్రవాడు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే, అవతలి మనిషి ధర చెప్పలేదు. ముందుగా మూడు ప్రశ్నలు అడిగాడు, ఆ తరువాత, "రేపు పొద్దుగాల ఆరున్నరకు వస్త సార్, అప్పటిదాంక బండి ఎండల పెట్టకుండ్రి" అన్నాడు.

చెప్పిన సమయానికే వచ్చాడు. నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన యువకుడు, ముప్పై ఏళ్లు ఉండవచ్చు. వచ్చీ రాగానే అద్దం మీద అరచేయి ఆనించి అది చల్లగా ఉందా లేదా అని చూసుకున్నాడు. అద్దం బాగా వేడెక్కి ఉంటే, పగులులో నింపే రెజిన్ అనే పారదర్శకమైన చిక్కని ద్రవం నీళ్లలా పలచబడుతుంది, దానిని లోపలికి నెట్టేటప్పుడు పగులు కాళ్లు ఇంకా సాగుతాయి. పైగా సూర్యకాంతి తగిలితే ఆ రెజిన్ లోపలికి చేరకముందే గట్టిపడిపోతుంది. అందుకే మన వేసవిలో ఈ పని తెల్లవారుజామున గానీ, పొద్దు వాలిన తరువాత గానీ, లేదంటే సెల్లారు నీడలో గానీ చేయాలి.

కారు లోపల, పగులుకు సరిగ్గా వెనుక, చేతిలో ఇమిడేంత గుండ్రని అద్దం ఒకటి అమర్చాడు. బయట నుంచి పని చేస్తున్నప్పుడు పగులు ఎంత లోతుకు పోయిందో అందులో కనిపిస్తుంది. సన్నని సూదితో గుంటలోని గాజు పొడిని రవ్వ రవ్వగా పైకి తీశాడు. తరువాత రబ్బరు కప్పు అమర్చిన చిన్న చట్రాన్ని అద్దానికి అంటించి, దాని మధ్యనున్న మరగొట్టాన్ని గుంట మీద నిలబెట్టి, అందులో రెజిన్ చుక్కలు రెండు మూడు వేశాడు. మరను ఒకవైపు తిప్పితే పగులులోని గాలి బయటికి వస్తుంది, మరోవైపు తిప్పితే రెజిన్ లోపలికి పోతుంది. గాలి లాగడం, రెజిన్ నెట్టడం. మళ్లీ గాలి లాగడం, మళ్లీ రెజిన్ నెట్టడం. పావుగంట సేపు అతను చేసింది అదే. నేను పక్కనే నిలబడి చూస్తుండగా ఆ నక్షత్రం కాళ్లు ఒక్కొక్కటిగా, చివరి నుంచి కాదు, మొదలు నుంచి కనుమరుగవుతూ వచ్చాయి.

"గాలి ఉన్నంతసేపే సార్ అది కండ్లకు కనవడేది. గాలి పోయి రెజిన్ నిండితే వెలుగు సాఫుగ పోతది" అన్నాడు. భౌతికశాస్త్రం పాఠంలో చెప్పే మాట ఇదే. గాజు కాంతిని ఎంత వంచుతుందో రెజిన్ కూడా దాదాపు అంతే వంచుతుంది కాబట్టి, నిండిన పగులు కంటికి ఆనదు. ఆ తరువాత అతినీలలోహిత దీపం కొన్ని నిమిషాలు పట్టి రెజిన్‌ను గట్టిపరిచి, గుంట మీద మరో చుక్క వేసి, చిన్న ప్లాస్టిక్ రేకు కప్పి, మళ్లీ దీపం పట్టి, మిగిలిన దానిని బ్లేడుతో నిలువుగా గీకి నునుపు చేశాడు. "చుక్కంత మచ్చ మిగుల్తది సార్. పూర్తిగ కొత్తదైతదని నేను చెప్ప" అని కూడా అన్నాడు. ఎనిమిది వందలు తీసుకున్నాడు.

అసలు నేను చెప్పదలచుకున్నది దీని తరువాత జరిగిన విషయం. మా అపార్టుమెంటులోనే మరొకాయన ఇదంతా చూసి తన కారునూ చూపించారు. ఆయన అద్దానికి అంచు నుంచి మొదలై డ్రైవరు కళ్లకు ఎదురుగా జానెడు పొడుగున పాకిన చీలిక ఉంది. అతను కూర్చుని చూసి, లేచి, "ఇది అతికేది కాదు సార్, అద్దం మార్చాల్సిందే. నేను చేసి పైసలు తీసుకుంట గానీ, నెల రోజులకు మళ్ల సాగుతది" అన్నాడు. చేతికి వచ్చిన వెయ్యి రూపాయలను అలా వదులుకున్నాడు. ఆ ఉదయం తరువాత మా అపార్టుమెంటులో ఏ కారు అద్దానికి ఏం జరిగినా ముందుగా అతనికే ఫోన్ వెళుతుంది. ఈ వ్యాపారం నిలబడడానికి ఉన్న ఆధారాలలో ఇది అన్నింటికన్నా పెద్దదని నేను నమ్ముతున్నాను.

ఈ పని సాధ్యం కావడానికి కారణం అద్దం తయారీలోనే ఉంది. కారు ముందు అద్దం ఒకే పలక కాదు. రెండు గాజు పలకల మధ్య సాగే గుణమున్న ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. 1903లో ఎడువార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి దేశస్థుని చేతి నుంచి జారిన గాజు కుప్పె పగిలినా ముక్కలు రాలకపోవడంతో, దాని లోపల ఎండిపోయి ఉన్న పూతే అందుకు కారణమని ఆయన గ్రహించిన నాటి నుంచి ఈ రకం గాజు చరిత్ర మొదలవుతుంది. రాయి తగిలినప్పుడు సాధారణంగా దెబ్బతినేది బయటి పలక మాత్రమే. లోపలి పలకా, మధ్య పొరా బాగున్నంత వరకు పూడ్చడానికి వీలుంటుంది.

మరి ఇంత సులువైన పని మన నగరంలో ఇంత అరుదుగా ఎందుకు జరుగుతోంది? నా ఉద్యోగ జీవితమంతా చూసిన విషయం కనుక సూటిగా చెబుతాను. కారణం బీమా లెక్కలోనే ఉంది. సమగ్ర బీమా ఉన్న కారుకు ప్లాస్టిక్, రబ్బరు భాగాలు మార్చితే, పాతవి కదా అని బీమా ఇచ్చే సొమ్ములో 50 శాతం తరుగు కోస్తారు గానీ, గాజుకు తరుగు ఏమీ కోయరు. 1500 సీసీ వరకు ఉన్న కారు యజమాని తప్పనిసరిగా భరించవలసినది 1000 రూపాయలు, అంతకు మించిన కారుకు 2000 రూపాయలు. ఎనిమిది వందలు ఇచ్చి మచ్చ మిగిలే అద్దంతో తిరగడం కంటే వెయ్యి ఇచ్చి కొత్త అద్దం వేయించుకోవడం మేలని ఎవరికైనా అనిపిస్తుంది. నేను కూడా వందల అద్దాలకు మార్పిడి రాశాను. ఇది పూడ్చితే సరిపోయేదా అని అడిగిన సందర్భం ఒక్కటీ గుర్తు లేదు, అందుకు ఇప్పుడు బాధగా ఉంది.

ఇలాంటి పరిస్థితి మన దగ్గరే కాదు, అమెరికాలోని ఒక రాష్ట్రంలోనూ ఉంది. అమెరికాలో ఈ పూడ్చే పని 1970లలోనే వ్యాపారంగా మొదలైంది. మార్చడం కంటే పూడ్చడం చవక కాబట్టి అక్కడి బీమా సంస్థలు చాలావరకు పూడ్చిన పనికి యజమాని వాటాను మాఫీ చేస్తూ వచ్చాయి. దానివల్లనే స్వతంత్రంగా పనిచేసే వారికి బతుకుతెరువు దొరికింది. అయితే ఫ్లోరిడా రాష్ట్రంలో చట్టం ప్రకారం సమగ్ర బీమా ఉంటే ముందు అద్దం మార్పిడికి కూడా యజమాని ఏమీ చెల్లించనక్కరలేదు. దానితో అక్కడ మార్పిడులూ, వాటి మీద వ్యాజ్యాలూ ఎంతగా పెరిగాయంటే 2023లో దుర్వినియోగాన్ని అరికట్టడానికి కొత్త చట్టం చేయవలసి వచ్చింది. కొత్త అద్దం ఉచితంగా వచ్చే చోట పూడ్చేవాడికి పని తగ్గుతుంది, ఫ్లోరిడాలోనైనా హైదరాబాదులోనైనా.

కానీ మన దగ్గర అద్దం నిజంగా ఉచితమేనా? ఇక్కడ శ్రోతలు కాస్త నిదానంగా నాతో లెక్క వేయాలని కోరుతున్నాను. వరుసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా గడిపితే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గింపు వస్తుంది. దానినే నో క్లెయిమ్ బోనస్ అంటారు. థర్డ్ పార్టీ భాగానికి ఇది వర్తించదు. ఒక అద్దం కోసం క్లెయిమ్ చేస్తే ఆ 50 శాతం సున్నా అవుతుంది. ఆ తరువాత ఏడాదికి ఒక మెట్టు చొప్పున 20, 25, 35, 45 దాటి మళ్లీ 50కి చేరాలి. మీ సొంత నష్టం ప్రీమియం 12,000 అనుకుందాం, అది మారదనుకుందాం. మొదటి ఏడు 6,000 నష్టం, రెండో ఏడు 3,600, మూడో ఏడు 3,000, నాలుగో ఏడు 1,800, అయిదో ఏడు 600. మొత్తం 15,000 రూపాయలు. వెయ్యి రూపాయలకు వచ్చిందనుకున్న అద్దానికి మనం చెల్లించేది పదహారు వేలు. బోనస్ రక్షణకు అదనపు ప్రీమియం కట్టిన వారికి ఈ లెక్క ఇలాగే ఉండదు. మీ పాలసీ కాగితం ఒకసారి తీసి చూసుకోండి. ఈ లెక్కను ఖాతాదారుకు కాగితం మీద వేసి చూపించగల పనివాడికి గిరాకీ తగ్గదని నా అభిప్రాయం.

రెండో అనుకూలత కొత్త కార్ల నుంచి వస్తోంది. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 వంటి చాలా కార్లలో, ముందున్న వాహనాన్ని పసిగట్టి బ్రేకు వేయడానికి సాయపడే కెమెరాను అద్దం వెనుకనే బిగిస్తున్నారు. అలాంటి అద్దం మార్చితే కెమెరా చూపును మళ్లీ సరిచూడాలి, దానికి ఖరీదైన పరికరాలు కావాలి. ఆ పని పెద్ద వర్క్‌షాపులకు పోతుంది, స్కూటరు మీద తిరిగే మనిషికి అందదు. అయితే అద్దం ఖర్చు పెరిగిన కొద్దీ దానిని కాపాడే పనికి విలువ పెరుగుతుంది. పూడ్చినప్పుడు అద్దం కదలదు, ఫ్యాక్టరీలో వేసిన జిగురు బంధం చెక్కుచెదరదు. కెమెరాకు ఎదురుగా పడిన పగులును మాత్రం ముట్టుకోకుండా వదిలేయడం నేర్చుకోవాలి.

నిలకడగా గిరాకీ ఇచ్చేది క్యాబ్ డ్రైవర్లని మా యువకుడు చెబుతాడు. క్లెయిమ్ పెట్టి, సర్వేయరు వచ్చి, అద్దం తెప్పించి, జిగురు ఆరే వరకు బండి షెడ్డులో ఉంటే ఆ రోజుల కిస్తీ ఎవరు కడతారు? అందుకే అతను వారానికి రెండు రోజులు విమానాశ్రయం వైపు క్యాబ్‌లు ఆగే చోట్లకు వెళతాడు, కారు వాషింగ్ సెంటర్ల వారితో పరిచయం పెట్టుకున్నాడు. రోజుకు రెండు పనులు దొరికితే ఇల్లు గడుస్తుందట, నాలుగు దొరికిన రోజులు అరుదట. వానాకాలంలో రోడ్ల మీద కంకర లేచి పగుళ్లు ఎక్కువవుతాయి గానీ, వాటిలో నీరు చేరితే ముందు ఆరబెట్టాలి. ఎండాకాలంలో కాలిపోతున్న అద్దం మీద లోపలి నుంచి ఏసీ గాలి తగిలి, చిన్న పగులు ఒక్క మధ్యాహ్నంలో అడుగు పొడవు చీలికగా మారుతుంది. అలా మారిన ప్రతి పగులూ అతని చేతి నుంచి జారిపోయిన పనే.

ఈ వృత్తిలోకి రాదలచిన యువకులకు ఒక మాట. పెట్టుబడి పెద్దది కాదు, ముద్రా పథకంలో శిశు రుణం 50,000 రూపాయల వరకు ఇస్తారు. కానీ చవక రెజిన్ జోలికి పోవద్దు, పాత అద్దాల మీద నెలల తరబడి చేతిని సాధన చేయకుండా ఖాతాదారు కారు ముట్టుకోవద్దు. ఒకసారి లోపల గట్టిపడిన రెజిన్‌ను తీసి మళ్లీ నింపడానికి వీలులేదు. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న పెట్టెలతో ఇంట్లో ప్రయత్నించే కారు యజమానులకు కూడా నేను ఇదే చెబుతాను.

ఇక వినేవారందరికీ పనికివచ్చే విషయం ఒక్కటుంది, అది చెప్పి ముగిస్తాను. రాయి తగిలిన వెంటనే, బండిని క్షేమంగా పక్కకు ఆపి, పొడిబట్టతో పైపైన తుడిచి, ఆ పగులు మీద పారదర్శకమైన టేపు ముక్క అంటించండి. దుమ్మూ నీరూ లోపలికి పోకుండా ఉంటే అతికేది శుభ్రంగా అతుకుతుంది. టేపు అంటించండి, బండి కడగకండి, ఏసీ గాలిని అద్దం మీదికి వదలకండి, అదే రోజు ఫోన్ చేయండి. డ్రైవరు కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంటే టేపు వద్దు, చూపుకు అడ్డం వస్తుంది. ఫోన్‌లో అవతలి మనిషి అడిగే మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి: పగులు రూపాయి బిళ్ల కింద దాగుతుందా, అద్దం అంచుకు ఎన్ని వేళ్ల దూరంలో ఉంది, డ్రైవరుకు ఎదురుగా ఉందా, పక్కకు ఉందా. నా కారులో ఆ మార్చి నెల నుంచి ముందు అరలో ఒక టేపు చుట్ట, దానితో పాటు ఒక రూపాయి బిళ్ల పెట్టుకుని తిరుగుతున్నాను.

నమస్కారం.