ఎపిసోడ్ 31: ఒక్కరోజులో టొలెడో మ్యూజియంలు (అనే అనుకున్నాం)

మరిది: నమస్తే అందరికీ. పోయినసారి మాటిచ్చినట్టే ఇవాళ స్పెయిన్‌లోని టొలెడో. మాడ్రిడ్ నుంచి రైల్లో అరగంట పైచిలుకు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేలా ఏ మ్యూజియం ముందు, ఏది తర్వాత...

వదిన: గొడుగు తీసుకెళ్ళమని ముందు చెప్పు.

మరిది: వదినా, గొడుగు సంగతి ఎత్తొద్దనుకున్నాం.

వదిన: నువ్వనుకున్నావు. నేనేం అనుకోలేదు.

మరిది: సరే. ఊరు గుట్ట మీద ఉంటుంది, మూడు వైపులా తాహో నది. స్టేషన్ కింద ఎక్కడో...

వదిన: ఎస్కలేటర్ ఉందట. దిగేటప్పుడు తెలిసింది మనకి. మీ అన్నయ్య మోకాళ్ళు ఇప్పటికీ నన్నే తిడతాయి.

మరిది: ముందు కెథడ్రల్. అందులో పూజారులు అంగీలు తొడుక్కునే గదిలో పదహారో శతాబ్దపు చిత్రకారుడు ఎల్ గ్రేకో వేసిన పెద్ద బొమ్మ ఉంది. క్రీస్తు ఎర్రంగీని లాగేస్తున్న దృశ్యం. బట్టలు కట్టుకునే చోట, బట్టలు ఊడదీసే బొమ్మ! అక్కడే కాసేపు ఆగిపోయాన్నేను.

వదిన: దానికెంతిచ్చారో కూడా చెప్పు.

మరిది: మొదలైంది.

వదిన: 900 డకట్లు, అంటే అప్పటి బంగారు నాణేలు, పలుకుతుందని ఆయన తరఫువాళ్ళు లెక్కకట్టారు. చివరికి చేతికొచ్చింది 350. జనం తలలు దేవుడి తలకంటే పైకి ఉన్నాయని చర్చివాళ్ళు వంక పెట్టారు. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో వసూళ్ళు చూసినదాన్ని, ఇలాంటి వంకలు ఎన్ని వినలేదు! సరుకు ఇంట్లోకి చేరాకే గుర్తొస్తాయి.

మరిది: శ్రోతలు మ్యూజియంల గురించి అడిగారు.

వదిన: నేనూ వాటి గురించే చెబుతున్నా. సాంతో తొమేకి రా.

మరిది: అదే వస్తున్నా. సాంతో తొమే చిన్న చర్చి. లోపల ఒక్క బొమ్మ కోసమే విడిగా టికెట్. ఓర్గాస్ ప్రభువు ఖననం, ఇదీ ఎల్ గ్రేకో వేసిందే. దాదాపు 4.8 మీటర్ల ఎత్తు. 1586లో ఒప్పందం, 1588కల్లా పూర్తి. ఓర్గాస్ ప్రభువు 1323లో పోయాడు. పుణ్యాత్ముడని సెయింట్ స్టీఫెన్, సెయింట్ అగస్టీన్ స్వర్గం నుంచి దిగొచ్చి స్వయంగా పూడ్చారని కథ. బొమ్మ కింద ఉన్నది నిజంగా ఆయన సమాధే. బొమ్మలో శవాన్ని దించుతున్నది సరిగ్గా మన ముందున్న గోతిలోకే అనిపిస్తుంది. పైసగంలో మబ్బులూ ఆ సాగిపోయిన దేహాలూ...

వదిన: ఎందుకు వేయించారో చెప్పకుండా మబ్బుల్లోకి పోకు. ఆ ప్రభువు వీలునామా రాశాడు. ఓర్గాస్ ఊరివాళ్ళు ఏటా ఈ చర్చికి ఇవ్వాల్సింది 2 పొట్టేళ్ళు, 16 కోళ్ళు, రెండు తిత్తుల వైను, రెండు బండ్ల కట్టెలు, 800 మరవేదీలు, అంటే అప్పటి చిల్లర నాణేలు. రెండొందల ఏళ్ళు దాటాక ఊరివాళ్ళు ఎగ్గొట్టారు. చర్చి ఫాదర్ కోర్టుకెక్కి 1569లో గెలిచాడు. గెలిచాకే సమాధి మీద దృష్టి పెట్టాడు. అద్భుతం కథతోపాటు ఊరివాళ్ళు ఎగ్గొట్టిన కథ కూడా లాటిన్‌లో రాతి మీద చెక్కించాడు. ఆ పైన బొమ్మ. అంటే ఏమిటి? నోటీసు!

మరిది: ఇదే నేనొప్పుకోను. అది భక్తి. ఆ ఊరి పెద్దల మొహాలన్నీ వరసగా వేశాడు, ఒక్కో మొహంలో ఒక్కో ఆలోచన. నోటీసు కోసం అంత కష్టపడతాడా ఎవడైనా?

వదిన: వేసినవాడిది భక్తి కావచ్చు. వేయించినవాడి మాట నేను చెప్పేది. పెద్దల మొహాలంటున్నావు, అందులో ఫాదర్ తనూ ఉన్నాడంటారు కదా.

మరిది: ఉంటే?

వదిన: సాక్షి సంతకం.

మరిది: (నవ్వు) అన్యాయం వదినా.

వదిన: ఇంకా ఉంది విను. బొమ్మ పూర్తయ్యాక 1200 డకట్లని లెక్కకట్టారు. ఎక్కువంటూ ఫాదర్ అడ్డం తిరిగాడు. మళ్ళీ వేరేవాళ్ళతో కట్టిస్తే 1600 అన్నారు!

మరిది: (నవ్వు) చివరికి పాత 1200కే తీర్పు.

వదిన: నిన్న రాత్రి లెక్క వేశా. డకటుకి 375 మరవేదీలు. 1200 డకట్లంటే నాలుగున్నర లక్షలు. ఊరివాళ్ళ డబ్బు ఏడాదికి 800. ఆ డబ్బుతోనే బొమ్మ బాకీ తీరాలంటే 562 ఏళ్ళు పైనే. అంటే 2150 దాకా కట్టాలి.

మరిది: కోళ్ళు లెక్కలో వేశారా?

వదిన: కోళ్ళ రేటు దొరకలేదు. దొరికితే చెబుతా.

మరిది: అదే నా బాధ. అంత బొమ్మ ముందు నిలబడి మీరు కోళ్ళు లెక్కపెడతారు. మొన్న సాలార్‌జంగ్‌లోనూ అంతే. ముసుగు రెబెకా ముందు నించుని ఆ పాలరాయి ఎంతుంటుందని అడిగారు. ఏది చూసినా పాస్‌బుక్కేనా?

వదిన: ...

మరిది: సారీ. అలా అనకుండా ఉండాల్సింది.

వదిన: లేదులే. నిజమే. కానీ ఆ బొమ్మలో నేను ఎక్కువసేపు చూసింది కోళ్ళని కాదు. కింద ఎడమవైపు పిల్లాడున్నాడు గుర్తుందా?

మరిది: చేత్తో చూపిస్తుంటాడు. ఎల్ గ్రేకో కొడుకే.

వదిన: ఆ పిల్లాడి జేబులోంచి తెల్ల రుమాలు బయటికి కనిపిస్తుంది. దాని మీద చిన్న అక్షరాలు. నేను ముందు ముడతలనుకున్నా. గ్రీకులో తండ్రి సంతకం, 1578 అని పిల్లాడు పుట్టిన ఏడు. ఆయన క్రీట్ దీవి నుంచి వచ్చిన గ్రీకువాడు. 1577లో టొలెడో చేరి 1614లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ముప్ఫై ఏడేళ్ళు. ఊరంతా ఎల్ గ్రేకో, అంటే గ్రీకువాడనే పిలిచింది. సంతకం మాత్రం దొమెనికోస్ థియోతోకోపులోస్ అని పూర్తిగా, తన లిపిలో.

మరిది: మీ నాన్నగారు గుర్తొచ్చారా?

వదిన: ఖరగ్‌పూర్ రైల్వేలో బతుకంతా గడిపారు. మాట్లాడేది బెంగాలీ, హిందీ. జీతం రిజిస్టర్లో మాత్రం తెలుగు సంతకం. ఒకసారి గుమాస్తా ఇదేం గీతలని అడిగితే, నా పేరు, చదవడం రాకపోతే నేర్చుకో అన్నార్ట. మా స్కూలు రిపోర్టు కార్డుల మీదా అంతే. టీచర్ల ముందు మాకు సిగ్గుగా ఉండేది.

మరిది: ఇది మీరు అక్కడ చెప్పలేదే.

వదిన: అక్కడ మీ అన్నయ్య మంచినీళ్ళ సీసా కోసం వెతుకుతున్నారు.

మరిది: ...మిగతావి గబగబా చెప్పేస్తా. ఎల్ గ్రేకో మ్యూజియం. అది ఆయన ఉన్న ఇల్లేమీ కాదు, కానీ చూడండి. సాంతా క్రూస్ మ్యూజియం, పాత ఆసుపత్రి భవనం, మెట్లు చాలా బాగుంటాయి. ఎల్ త్రాన్సితో యూదుల ప్రార్థనాలయం, ఇప్పుడు మ్యూజియం. గోడల పైన హీబ్రూ అక్షరాలు తీగల్లా అల్లుకుని ఉంటాయి. పద్నాలుగో శతాబ్దంలో పేద్రో రాజు దగ్గరి ఖజానాదారు శామ్యూల్ హలేవీ కట్టించాడు.

వదిన: ఆ రాజే తర్వాత జైల్లో వేశాడు పాపం. ఖజానా చూసినవాడికి అదే గతి.

మరిది: 1492లో యూదుల్ని దేశం నుంచి వెళ్ళగొట్టాక చర్చిగా మారింది. దీనికి ఒక గంట పెట్టుకోండి, నేను పావుగంటలో బయటికొచ్చి తప్పు చేశా.

వదిన: వానొచ్చిందని.

మరిది: వాన కాదు, గొడుగు...

వదిన: చూశావా, నువ్వే ఎత్తావు. ఇదిగో మీ అన్నయ్య వస్తున్నారు. ఏవండీ, ఆ గొడుగు త్రాన్సితోలో వదిలేసిందెవరు? మైకు దగ్గరికొచ్చి చెప్పండి. ఉండు, ఆపకు, నువ్వు ఆప...