రంగు తప్పని రాసే ముందు

వేదిక మీదున్న పెద్దలకు, ఈ హాలు ఇచ్చిన గ్రంథాలయం వారికి, పొద్దున్నుంచి గోడలకు బొమ్మలు అంటిస్తూ ఇంకా భోజనం కూడా చేయని కుర్రాళ్లకు, పిల్లలకు, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి.

‘చిత్రకళ వల్ల ఉపయోగాలు’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ సంక్రాంతి సెలవుల్లో పులికాట్ సరస్సులో, నేలపట్టు పక్షుల కేంద్రంలో పక్షులను చూసొచ్చి పిల్లలు గీసిన ఈ బొమ్మలన్నీ ఇందాక ఒక్కొక్కటే చూశాక, ఆ కాగితం మడిచి జేబులో పెట్టేశాను. చాలా ఏళ్లుగా మనసులో ఉండిపోయిన మాట ఒకటుంది. ఇవాళ అది చెప్పుకోనివ్వండి.

నేను డ్రాయింగ్ మాస్టారిగా ఉన్నప్పుడు మా బళ్లో ఏడో తరగతి అమ్మాయి ఒకతె సెలవులకు సూళ్లూరుపేటలో అమ్మమ్మగారింటికి వెళ్లింది. వాళ్ల మామయ్య శ్రీహరికోట రోడ్డులో బండి ఆపి ఫ్లెమింగోలనే పొడుగు కాళ్ల పక్షులను చూపించాడు. ఆ దారిన వెళ్లినవాళ్లకు తెలుసు, రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది, రెండు పక్కలా నీళ్లూ పక్షులే. బడి తెరిచాక ఆ అమ్మాయి బొమ్మ గీసుకొచ్చింది. లోతులేని నీళ్లలో గుంపుగా పక్షులు. ఒళ్లంతా తెలుపు, అక్కడక్కడా లేత గులాబీ. మధ్యలో రెండు పక్షులకు మాత్రం బూడిద రంగు వేసింది. వాటి కాళ్లు, ముక్కు కూడా బూడిద రంగే.

ఆ బొమ్మను పోటీకి పంపాం. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి ఆ రెండు పక్షుల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ‘రంగు తప్పు, ఫ్లెమింగో గులాబీ రంగులో ఉండును’ అని రాశారు. బొమ్మ మీదే రాశారండీ! ఆ సిరా కాగితంలోకి దిగిపోయింది, ఇక చెరిపినా పోదు.

ఫ్లెమింగో పిల్ల గులాబీ రంగులో పుట్టదు. మన దేశంలో ఇవి పెద్ద ఎత్తున గూళ్లు కట్టేది గుజరాత్‌లో, కచ్ రణ్‌లో. అక్కడ బురదమట్టితో కట్టిన గూటిలో పుట్టిన పిల్లకు బూడిద రంగు నూగు ఉంటుంది. ఎగరడం వచ్చాక కూడా మొదట్లో ఆ మట్టి రంగే. నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులు తినగా తినగా, ఆ తిండిలోని కెరోటినాయిడ్లనే పదార్థాల వల్ల కొన్నేళ్లకు గులాబీ రంగు వస్తుంది. అంటే ఆ అమ్మాయి గుంపులో ఏవి పిల్లలో, ఏవి పెద్దవో విడివిడిగా చూసింది. ఎవరూ చెప్పకుండా చూసింది. పదమూడేళ్లయినా లేని పిల్ల! దానికి మార్కులు కోశారు. ఆ ఏడాది మళ్లీ ఆ అమ్మాయి పక్షి బొమ్మ గీయలేదు. నేను అడిగితే, ‘పుస్తకంలో చూసి గీస్తాలెండి సార్’ అంది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

అయ్యా, చూడకుండా గీస్తే ఏమవుతుందో పెద్ద పెద్దవాళ్ల విషయంలోనే తేలింది. 1515లో గుజరాత్ సుల్తాను ఇచ్చిన ఖడ్గమృగం ఒకటి ఓడలో లిస్బన్ చేరింది. జర్మనీలో ఉన్న మహాచిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ దాన్ని చూడనే లేదు. ఎవరో పంపిన వర్ణన, గీతల బొమ్మ ఆధారంగా చెక్క అచ్చుతో బొమ్మ తీశాడు. అద్భుతమైన పనితనమే. కానీ ఒంటినిండా ఇనప కవచం, వీపు మీద లేని కొమ్ము ఒకటి! రెండు వందల ఏళ్లకు పైగా యూరప్ వాళ్లు ఖడ్గమృగమంటే అదే అనుకున్నారు. దాని తర్వాత వందేళ్లకు మన దగ్గర జహంగీర్ ఆస్థానంలో ఉస్తాద్ మన్సూర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆయన గీసిందని భావించే డోడో పక్షి బొమ్మ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. డోడోలు ఆ పదిహేడో శతాబ్దంలోనే అంతరించిపోయాయి. ఆ పక్షి బతికున్నప్పుడు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే శాస్త్రవేత్తలు ఆ బొమ్మను కూడా చూస్తారు. మన్సూర్ పక్కన కూర్చుని ఎవరైనా రంగు మార్చమంటే ఏమయ్యేదో ఆలోచించండి.

బొమ్మల్లో లోపాలు చెప్పొద్దనడం లేదు. చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. మీలో చాలామంది ‘సూపర్ రా కన్నా’ అని ఫోటో తీసి స్టేటస్ పెట్టేసి ఊరుకుంటారు. దానివల్ల కూడా పిల్లవాడికి ఏమీ ఒరగదు. వాడు రెండు గంటలు కూర్చుని గీశాడే, రెండు నిమిషాలు చూడలేమా?

ఇంకో పిల్లాడు ఫ్లెమింగో మేత మేస్తున్నట్టు గీశాడు. ముక్కు కొన కొంగలాగా నీళ్లలోకి సూటిగా గుచ్చినట్టు ఉంది. తప్పని నేను అనలేదు. ‘తినేటప్పుడు తల ఎలా పెట్టిందిరా?’ అని మాత్రం అడిగాను. వాడు ఆలోచనలో పడ్డాడు. మర్నాటి ఆదివారం వాళ్ల నాన్నను సతాయించి మళ్లీ వెళ్లొచ్చాడు. ‘సార్, తల తలకిందులు సార్! పై ముక్కు కిందకొస్తుంది సార్!’ అని పరిగెత్తుకుంటూ వచ్చాడు. నిజమే. ఫ్లెమింగో మెడ వంచి, తలను కాళ్ల వైపుకు తిప్పి, ముక్కును బోర్లించి నీళ్లలో పెడుతుంది. నాలుకతో నీటిని లోపలికీ బయటికీ తోస్తుంటే, ముక్కు అంచుల్లోని సన్నటి పళ్లచాళ్లు జల్లెడలా మేతను ఆపుతాయి. ముక్కు మధ్యలో ఒక్కసారిగా కిందికి వంగి ఉండేది అందుకే. తర్వాత వాడు గీసిన రెండో బొమ్మ చూస్తే మీకే తెలిసేది. ఒక్క ప్రశ్న, ఒక్క ఆదివారం, అంతే.

కాబట్టి తల్లిదండ్రులకు చేతులు జోడించి చెబుతున్నాను. అడగండి. ఎక్కడ చూశావు, ఎంత దూరంలో ఉంది, కాలు ఎటు మడిచింది అని అడగండి. మీకూ తెలియకపోతే మళ్లీ తీసుకెళ్లండి. నేలపట్టు ఎక్కడికీ పోదు, దొరవారిసత్రం నుంచి దగ్గరే. అక్కడి గూడబాతులు, అంటే పెలికాన్లు, బూడిద రంగులోనే ఉంటాయి, పై ముక్కు మీద వరసగా మచ్చలుంటాయి. మీ పిల్లలు ఆ మచ్చలు వేశారో లేదో ఇవాళే చూడండి.

నిర్వాహకులను ఒకటి కోరాను, వాళ్లు ఒప్పుకున్నారు. ప్రతి బొమ్మ కింద ఒక చిట్టీల కవరు పెట్టారు. పెన్సిళ్లు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఏం చెప్పాలన్నా చిట్టీ మీద రాయండి, దయచేసి బొమ్మను ముట్టుకోవద్దు. మూడో వరుస చివర్లో నత్తగుల్ల కొంగ బొమ్మ ఉంది. పై ముక్కుకూ కింది ముక్కుకూ మధ్య సందు వదిలి గీసింది ఆ పాప. ఆ కొంగ పెద్దదయ్యాక ముక్కు మూసినా మధ్యలో సందు అలాగే ఉంటుంది, నత్తల్ని పట్టుకునేది ఆ ముక్కుతోనే. దాన్ని కలిపి గీయమని ఎవరూ రాయకండి. ఆ పాప ఇక్కడే కూర్చుంది, అనుమానం ఉంటే వెళ్లి తననే అడగండి. సెలవు.