కుంచె మనం పట్టినా బొమ్మ వాళ్లదే

శ్రోతలకు నమస్కారం. బొమ్మలు వేసే తరగతికి చేతులు సరిగా ఆడని వారో, చూపు లేని వారో వస్తే పక్కనున్న వారు జాలిపడి కుంచె తీసుకుంటారు, చకచకా బొమ్మ పూర్తిచేసి చేతిలో పెడతారు. బొమ్మ అందంగానే ఉంటుంది, కానీ అందులో వాళ్లు ఎంచుకున్నది ఒక్కటీ ఉండదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్ 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక మంచంలోనో చక్రాల కుర్చీలోనో ఎక్కువ కాలం గడిపాడు. సహాయకులు కాగితాలకు రంగు పూసి ఇచ్చేవారు, ఆయన కత్తెరతో ఆకారాలు కత్తిరించేవాడు, ఆయన చెప్పిన చోట వాళ్లు గోడకు గుచ్చేవారు. సాయం ఎంత తీసుకున్నా ఏది ఎక్కడ ఉండాలన్న మాట ఆయనదే. మనం పట్టుకోవలసిన కొలబద్ద ఇదే.

ముందు బల్ల సంగతి. చక్రాల కుర్చీలో కూర్చున్నవారి మోకాళ్లు కిందికి దూరాలంటే నేల నుంచి బల్ల అడుగుభాగం దాకా కనీసం 27 అంగుళాల ఖాళీ కావాలి. పైభాగం 34 అంగుళాలు దాటకూడదు. కింద సొరుగో అడ్డకర్రో ఉంటే మనిషి పక్కకు తిరిగి కూర్చోవలసి వస్తుంది, కాసేపటికే నడుము పట్టేస్తుంది. అలసిపోయాడు, ఇష్టం లేదు కాబోలు అని మనం అనుకుంటాం!

పట్టు బలహీనంగా ఉన్నవారికి కుంచె పిడికి స్పాంజి చుట్టి, సుమారు అంగుళం నుంచి అంగుళంన్నర లావు చేయండి. మరీ లావైతే వేళ్లు మూసుకోవు. స్పాంజి తడిస్తే జారుతుంది కనుక పైన టేపు చుట్టాలి. చేయి వణికేవారికి ముంజేయి మొత్తం బల్ల మీద ఆనేలా చూడండి, కాగితాన్ని నాలుగు మూలలా అంటించండి, రంగు చిక్కగా కలపండి. పలచటి రంగు కారిపోయి, గీత వాళ్ల అదుపులో ఉండదు.

చూపు లేనివారికి గీతలు వేలికి తగలాలి. బొమ్మ గీతల మీద జిగురును సన్నని ధారగా పోసి రాత్రంతా ఆరనివ్వండి. పచ్చిగా ఉండగా తాకితే చెరిగిపోతుంది. గీతకూ గీతకూ అర సెంటీమీటరైనా ఎడం ఉండాలి, లేకపోతే రెండూ ఒకటిగానే తెలుస్తాయి. రంగులను గుర్తుపట్టడానికి ఒకదానిలో సన్న ఇసుక, మరొకదానిలో రంపపు పొట్టు కలపవచ్చు. ఉప్పు మాత్రం వద్దు, నీటి రంగులో కరిగిపోతుంది. రంగు గిన్నెలు పెట్టిన చోటే ఉండాలి. సర్దే ఉత్సాహంలో ఎవరైనా ఒక గిన్నె జరిపితే, వాళ్లు మనసులో గుర్తుపెట్టుకున్న వరుస మొత్తం పోతుంది. "ఇక్కడుంది, అక్కడుంది" అనకుండా, బల్లను గడియారం ముఖంలా అనుకుని, "నీళ్ల గ్లాసు మూడు గంటల దిక్కున ఉంది" అని చెప్పండి.

వినికిడి లేనివారి ముందు చేతులతో చూపిస్తూ మాట్లాడకండి. చేతుల్నీ, పెదవుల్నీ ఒకేసారి చూడలేరు కదా. చెప్పండి, ఆగండి, తర్వాత చూపించండి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం చీకటిగా కనిపిస్తుంది. సైగల భాష తెలిసిన వారు ఉంటే మరీ మంచిది.

కొందరికి తడి మట్టి తగిలితే భరించలేనంత ఇబ్బంది. జిప్ సంచిలో వేసి ఇవ్వండి, పైనుంచి నొక్కుతారు.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం, సృజనశక్తిని పెంచుకునే అవకాశం వారికి కల్పించాలంటుంది. వారి మేలుకే కాదు, సమాజం సంపన్నం కావడానికి కూడా అని చెబుతుంది. మాట్లాడలేని, చేయి కదపలేని వారికీ ఇది వర్తిస్తుంది. వారి ముందు రెండు రంగులు దూరదూరంగా పట్టుకోండి. తొందరపెట్టకుండా నిమ్మళంగా పది లెక్కపెట్టండి, చాలామంది సహాయకులు మూడు దగ్గరే ఆపేస్తారు. చూపు ఒక రంగు మీద నిలిచాక రెండింటి స్థానాలూ మార్చి మళ్లీ అడగండి. చూపు అదే రంగు వెంట వస్తే వాళ్లు ఎంచుకున్నట్టు. రంగు మారినా అదే పక్కకు చూస్తుంటే, మెడ అటు తిరగడమే సులువై ఉండొచ్చు. అప్పుడు రంగుల్ని పక్కపక్కన కాకుండా ఒకటి పైన, ఒకటి కింద పట్టుకుని అడగండి.